ముందస్తు ఖండన

సమాచార శాఖలో ఖండనలు ముందే రాసి పెట్టుకుంటారు. ఆరోపణ వచ్చాక తేదీ వేస్తే సరి.

అలాంటి కాగితమొకటి బల్ల మీద పడేసి, తాను పిలిపించిన బ్లాగరు మీద అధికారి విరుచుకుపడ్డాడు.

"ప్రభుత్వాన్ని తిట్టకపోతే ముద్ద దిగదా నీకు? కొత్త వంతెనకు పగుళ్ళొచ్చాయంటావా? జనాన్ని బెదరగొట్టి ఏం బావుకుంటావు?"

బ్లాగరు కాగితం చదివి తిరిగిచ్చాడు.

"నేను రాసింది వంతెన కంటే పొడుగ్గా పెట్టిన మంత్రిగారి ఫ్లెక్సీ గురించి సార్. పగుళ్ళ సంగతి మీరు చెప్తేనే తెలిసింది."

అధికారి గొంతు సవరించుకున్నాడు. కాగితాన్ని సొరుగులో కుక్కి, నవ్వు తెచ్చుకుని, కాఫీ తాగి వెళ్ళమన్నాడు.

బ్లాగరు అక్కర్లేదని గుమ్మం దాటుతుంటే, వెనకనుంచి అధికారి మెల్లగా అన్నాడు.

"వంతెన మీంచి వెళ్ళకండి. చుట్టయినా పాత రోడ్డే నయం. మా పిల్లల్ని కూడా అటే పంపిస్తున్నాం."