ముళ్లపంది పాతిన హద్దు

కొండవాలులో నేల బీటలు వారింది. ముళ్లపంది తన ముళ్లే రాల్చి బీటల చుట్టూ హద్దు పాతింది. "వానలొస్తే ఇక్కడ కొండ జారుతుంది. దీని లోపల ఎవరూ బొరియ తవ్వకూడదు" అంది.

నిండు చూలాలైన కుందేలుకు ఒళ్లు మండింది. "లోపలే మెత్తటి మట్టి, పచ్చగడ్డి. నీ బొరియ కూడా అక్కడే ఉందిగా అత్తా, రూలు మాకేనా?"

"పొద్దున్నే ఖాళీ చేశాను. వెళ్లి చూసుకో."

కుందేలు వెళ్లి చూసింది. ముళ్లపంది తాను పుట్టిన బొరియను తానే రాళ్లతో మూసేసింది.

తిరిగొచ్చిన కుందేలు గొంతు తగ్గించింది. "వానలకు కొండ జారకపోతే?"

"నువ్వూ నీ పిల్లలూ కలిసి నన్ను తిట్టిపొయ్యండి. తిట్టడానికి అందరూ మిగిలారని సంతోషిస్తాను."

కుందేలు హద్దు బయట గట్టినేలను గీకడం మొదలుపెట్టింది. ముళ్లపంది పక్కకు వచ్చి తనూ తవ్వసాగింది.