అడగకూడని దారి

పొలం గేటు దగ్గర యజమాని ఫాసెట్ నిలబడి ఉన్నాడు. చంకలో తుపాకీ ఉంది.

కాలిబాటల సంఘం వాళ్లు పదకొండు మందీ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. ఇరవై ఏళ్లుగా ప్రతి నెలా మొదటి ఆదివారం వాళ్లు ఆ పొలం మీదుగా నడుస్తున్నారు. ఫాసెట్ ఏనాడూ గుమ్మం దిగి రాలేదు. కిటికీ వెనక నిలబడి చూసేవాడు, అంతే. ఇవాళ, సరిగ్గా ఇవాళే, పొగమంచులో వచ్చి కాపు కాశాడు.

"వెనక్కి పోదామండీ," అంది బ్రెండా. సంఘంలో కొత్తగా చేరిన మనిషి.

"పోతే ఇరవై ఏళ్ల నడకా బూడిదలో పోసిన పన్నీరే," అంది మేవిస్.

మేవిస్ సంఘానికి పెద్ద. డెబ్బై నాలుగేళ్లు. చట్టం ఆమెకి కంఠస్థం. ఇరవై ఏళ్లు జనం ఆగకుండా నడిస్తే దారి జనానిదే. మెలిక ఒక్కటే. యజమాని అనుమతి తీసుకుని నడిచి ఉండకూడదు. ఆ ఇరవై ఏళ్లు ఇవాళ్టితో నిండుతాయి.

"మళ్లీ చెబుతున్నా, వినండి. దయచేసి అనొద్దు. థాంక్స్ అనొద్దు. టోపీ తియ్యొద్దు. అడిగి నడిస్తే అది అతని దయ. అడక్కుండా నడిస్తే మన హక్కు."

"అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఇక్కడ అడిగితే ఉన్నది కూడా ఊడుతుందన్నమాట," అన్నాడు డెస్మండ్.

వరసలో ఆఖరున ఉన్న క్లిఫర్డ్‌కి దగ్గు తెర వచ్చింది.

క్లిఫర్డ్ మేవిస్ భర్త. మోకాలికి బల్ల తగిలితే బల్లకే సారీ చెప్పే రకం. న్యుమోనియాతో క్రిస్మస్ అంతా ఆసుపత్రిలోనే గడిపాడు. ఏటా పండగ కార్డులు రాసి పోస్టు చేసే పని అతనిది. ఈసారి మేవిసే తనకి గుర్తొచ్చిన పేర్లకి రాసి చేతులు దులుపుకుంది. ఇవాళ ఇంట్లో ఉండవయ్యా మగడా అంటే వినలేదు. ముక్కు దాకా మఫ్లర్ చుట్టుకుని వచ్చాడు.

రాకుండా ఎలా ఉంటాడు? ఆ దారి చివర పాత చర్చి ఉంది. దాని ఆవరణలో వాళ్ల ఒక్కగానొక్క కూతురు నెల్ సమాధి ఉంది. రోడ్డు మీదుగా అయితే తొమ్మిది మైళ్లు, బస్సు లేదు. ఫాసెట్ పొలం అమ్మేస్తున్నాడు. కొనేవాళ్లు ఏప్రిల్లో కంచె వేస్తారని ఊరంతా అనుకుంటోంది. దారి పోతే మేవిస్‌కి కూతురు రెండోసారి పోయినట్టే.

"పదండి," అంది.

గేటు పక్కనే కంచె దాటే మెట్లు. పంట పాడుచేస్తున్నాయని చంపిన ఎలుకల్ని ముళ్ల తీగకి వరసగా వేలాడదీసి ఉంచారు. వాటి పక్కగానే ఒక్కొక్కరూ ఎక్కి దిగారు. ఎవరూ పెదవి కదపలేదు. ఫాసెట్ ఒక్కొక్క మొహాన్నీ పరకాయించి చూశాడు. క్లిఫర్డ్ దగ్గుతూ, వంగి, డెస్మండ్ చాటున దాటేశాడు.

"ఎవర్నో వెతుకుతున్నట్టుంది," గుసగుసలాడింది బ్రెండా.

"ఈ పొలంలో పెద్ద ఎద్దుంది. మొదటి ఆదివారం మాత్రం ఎప్పుడూ కనపడదు. ఎందుకో తెలుసా? మన సంఘమంటే అతనికి భయం," అంది మేవిస్.

సగం పొలం దాటారు. వెనక బురదలో బూట్ల చప్పుడు.

"వస్తున్నాడు!"

"తుపాకీ కాకులకిలే. మన మాంసం ముదురు, ఉడకదు," అన్నాడు డెస్మండ్.

వాళ్లు వేగం పెంచితే ఆ బూట్లూ వేగం పెంచాయి. వాళ్లు ఆగితే అవీ ఆగాయి. చర్చి గోడ కనపడేసరికి బ్రెండా దాదాపు పరుగెత్తింది.

నెల్ సమాధి మీద మేవిస్ ఆకుపచ్చని కొమ్మ ఒకటి పెట్టింది. వెంటనే సంచీలోంచి, దారి హక్కు నమోదుకి కౌన్సిల్ వాళ్లు ఇచ్చిన కాగితాలు తీసి గోడ మీద పరిచింది. అసలు ప్రశ్న ఒక్కటే: ఈ దారిన నడవడానికి యజమాని అనుమతి ఎప్పుడైనా అడిగారా? ఒకరి తర్వాత ఒకరు "లేదు" అని రాసి సంతకం పెట్టారు. మేవిస్ సంతకం అందరికంటే పెద్దది.

చివరికి పెన్ను క్లిఫర్డ్ చేతికి వచ్చింది. అతను కాగితం వంక చూస్తూ ఉండిపోయాడు.

"రాయవయ్యా, వేళ్లు కొంకర్లు పోతున్నాయి," అంది మేవిస్.

"మేవిస్... నెల్ దగ్గరికి రానివ్వరేమోనని నేను..."

చర్చి గేటు కిర్రుమంది. ఫాసెట్ లోపలికి వచ్చాడు. మేవిస్ గభాలున కాగితాలకి అడ్డంగా నిలబడింది.

"దారి మాది! ఇరవై ఏళ్లు నిండాయి. ఎవరినీ, ఎప్పుడూ, ఏదీ అడగలేదు!"

ఫాసెట్ ఆమె మాట విన్నట్టు లేడు. తుపాకీ గోడకి ఆనించాడు. ఆమె భుజం మీదుగా వెనక్కి చూశాడు. అప్పటికి క్లిఫర్డ్ మఫ్లర్ జారిపోయింది. ఆ మొహం కనపడగానే ఫాసెట్ టోపీ తీసి, గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

"క్లిఫర్డ్ గారూ, 'మా సంఘాన్ని మీ పొలంలోంచి నడవనివ్వండి' అని ఇరవై ఏళ్లుగా ప్రతి క్రిస్మస్ కార్డులోనూ అడిగేవారు, నేను సరేనని జవాబు రాసేవాణ్ణి, ఈసారి కార్డు రాకపోయేసరికి మీకేమైనా అయిందేమోనని భయపడి వెనకే వచ్చానండీ."