నల్లకోడి జాతి

గోదావరి వరద డెబ్బై ఒక్క అడుగులు దాటిన ఏడాది అది. నీళ్లు తీశాక, ఇల్లు మళ్లీ నిలబెట్టుకునేసరికి బిచ్యాకు, అతని పెళ్లాం గోరికి రెండు నెలలు పట్టింది. ఇంట్లో చేరిన రోజే గోరి అక్క జమ్లి గంప నెత్తిన పెట్టుకుని వచ్చింది. గంపలో ఎనిమిది కోడిపిల్లలు. ఎనిమిదీ బూడిద రంగువే.

“నా నల్లకోడి ఏది?” అంది గోరి.

వరదప్పుడు గోరి తన కోడిని మిట్ట మీదున్న జమ్లి ఇంట్లో వదిలి క్యాంపుకు పోయింది. కోడి అక్కడే గుడ్లు పెట్టింది, పొదిగింది. తర్వాత ముంగిస కొరికి చచ్చిందని, పిల్లలను మాత్రం దక్కించానని జమ్లి చెప్పింది.

అది ఉత్త కోడి కాదు. గోరి పెళ్లికి వాళ్ల అమ్మ ఇచ్చిన కోడి జాతి. ఆ ఇంట్లో ఎప్పుడు పొదిగినా నలుపే తప్ప మరో రంగు పుట్టలేదు.

“నల్లకోడికి బూడిద పిల్లలేంది అక్కా? అమ్మ జాతి నువ్వు ఉంచుకొని, ఎవరి గుడ్లో పొదిగిచ్చి నాకు తెచ్చినవ్.”

“కన్నబిడ్డల లెక్క సాకిన. నన్ను దొంగంటవా?”

“అంట. ఇగ నీ ఇంట్ల నీళ్లు ముట్ట.”

తండాలో ఆ మాట అనుకున్నవాళ్లు ఒకరి చావుకు ఒకరు పోరు. జమ్లి ఖాళీ గంప తీసుకుని వెళ్లిపోయింది. బిచ్యా కోడిపిల్లలను గూట్లోకి తోలాడు. అతను మాట్లాడేదే తక్కువ.

ఆ వారంలోనే మేకలకు సూదులు వేయడానికి పశువుల దవాఖానా శ్రీధర్ వచ్చాడు. గోరి అతన్ని కోడిపిల్లల ముందు కూర్చోబెట్టింది. జమ్లి ఇంట్లో పుంజు ఏ రంగని అడిగాడు. ఉన్నది ఒక్కటే, తెల్లది అంది. అయితే గుడ్లు మీ కోడివే అన్నాడు.

“తెలుపును నలుపు గెలవలే, నలుపును తెలుపు గెలవలే. సగం సగం కలిసి బూడిదైంది. నలుపు ఎటూ పోలే గోరమ్మా, లోపటనే ఉన్నది. ఈ బూడిదవాటినే జత కట్టియ్యి. నాలుగు పిల్లలల్ల రెండు బూడిదయి, ఒకటి తెల్లది, ఒకటి నల్లది వస్తది. అటీటు కావచ్చు. లెక్కయితే గదే.”

“నల్లది పుడితే నేనే పోయి అక్క గడప తొక్కుత,” అంది గోరి. “పుట్టకపోతే నాకు అక్క లేదు.”

ఒక పెట్టను, ఒక పుంజును వేరే గూట్లో పెంచింది. ఇప్పపూలు రాలే రోజులకు పెట్ట ఆరు గుడ్ల మీద కూర్చుంది. ఇరవై ఒకటో రోజు మధ్యాహ్నానికి నాలుగు పిల్లలు బయటపడ్డాయి. మూడు బూడిదవి, ఒకటి తెల్లది. మిగిలిన రెండు గుడ్లలో అలికిడి లేదు. గోరి గంప మూసి, పుల్లలకని అడివికి పోయింది. ఏడుస్తూ పోతోందని వెనక నుంచి చూసినా బిచ్యాకు తెలిసింది.

సాయంత్రం అతను పక్క తండాకు నడిచాడు. అక్కడ రూప్‌సింగ్ ఇంట్లో ముందురోజు నల్లపిల్లలు పుట్టాయి. ఒకటి అడిగాడు. ఎందుకని రూప్‌సింగ్ అడగలేదు, నవ్వాడంతే. బిచ్యా దాన్ని తువాలు మడతలో తెచ్చి, మసక చీకట్లో చెయ్యి పెట్టి పెట్ట రెక్క కిందికి తోశాడు.

తెల్లారి గోరి గంప ఎత్తింది. నిన్నటి నాలుగింటితోపాటు మూడు నల్లపిల్లలు.

ఆమె మొగుడి వైపు చూడలేదు. పిల్లలన్నిటినీ గంపలో వేసుకుని మిట్ట ఎక్కింది. బిచ్యా వెనకే పోయాడు.

“అక్కా, నీళ్లియ్యి,” అంది గోరి గడప మీద నిలబడి.

జమ్లి చెంబు తెచ్చింది. గంపలోకి చూడనైనా లేదు. చెల్లెలు తాగినంతసేపూ చెల్లెలి మొహమే చూసింది.

బిచ్యా అటు నుంచి అటే పక్క తండాకు పోయాడు. ఒకటి తను పెట్టింది. మిగతా రెండూ జమ్లి పనే అనుకున్నాడు. మా వదిన ఎప్పుడొచ్చి తీసుకుపోయిందని రూప్‌సింగ్‌ను అడిగాడు.

“జమ్లి ఎక్కడొచ్చింది? నా తాన ఉన్నయే రెండు నల్లయి. పొద్దుగూకంగ నీకొకటిస్తి. అంతకుముందే గోరి పుల్లల మోపు దించి, ఒకదాన్ని కొంగుల కట్టుకపోయింది. నీకు చెప్పొద్దన్నది.”

బిచ్యా వేళ్ల మీద లెక్కపెట్టాడు. తనది ఒకటి. గోరిది ఒకటి.

మూడోదాన్ని ఎవరూ తేలేదు.