పెద్దాయన ప్రాణం

పొద్దున్నే చిలక కళ్ళు తేలేసింది.

పంజరం అడుగున ఓ పక్కకి ఒరిగి పడివుంది. ముందుగా చూసింది కోడలు. ఆవిడ కేక విని ఇల్లంతా వరండాలోకి పరిగెత్తుకొచ్చింది. వచ్చినవాళ్ళు చూసింది చిలకని కాదు, వాలుకుర్చీలో పేపరు చదువుకుంటున్న పెద్దాయన్ని.

ఆ కంగారుకి కారణం ఉంది. పెద్దాయన లెక్కల మాస్టారు. ఉద్యోగం చేసినంతకాలం రుజువు లేనిదే రెండూ రెండూ నాలుగంటే కూడా ఒప్పుకోలేదు. రిటైరయ్యాక ఏం తోచక అటక మీంచి చిన్నప్పటి బొమ్మల కథల పుస్తకాలు దింపించుకున్నారు. ఇక అంతే సంగతులు. ఇప్పుడు ముసలావిడ ఎవరైనా ఆపిల్ పండు ఇస్తే ముట్టుకోరు. దారిలో కప్ప కనిపిస్తే, ఏ రాజకుమారుడో ఏమోనని మర్యాదగా పక్కకి తప్పుకుంటారు. అన్నిట్లోకీ ఆయన పదేపదే చదివేది రాక్షసుడి కథ. ఏడు సముద్రాల అవతల చిలకలో ప్రాణం దాచుకున్నాడే, వాడు. చిలక కాలు విరిస్తే వాడి కాలు విరుగుతుంది. చిలక పోతే వాడూ పోతాడు.

ఆమధ్య గాలివానకి ఈ చిలక ఎక్కణ్ణుంచో కొట్టుకొచ్చి కిటికీలో వాలింది. "ఇదిగో, నా ప్రాణం ఇందులోనే ఉంది," అని మాస్టారు తేల్చేశారు. ఆయన్ని రుజువు అడిగే ధైర్యం ఎవరికుంది?

దానికేమైనా అయితే ఆ నమ్మకంతోనే పెద్దాయన పోతారని ఇంటిల్లిపాదికీ బెంగ.

"నిలబడి చూస్తారేంటండీ! డాక్టరుగారికి ఫోన్ చెయ్యండి," అంది కోడలు మొగుడితో.

కొడుకు ఫోన్ తీసేలోగా గేటు చప్పుడైంది. పశువుల డాక్టరు. చొక్కా గుండీలు ఒకదానికి పెట్టాల్సింది ఇంకోదానికి పెట్టుకుని, ఒక కాలికి చెప్పు లేకుండా, గోడ పట్టుకుని నడిచి వస్తున్నాడు.

"ఏమైంది? చిలకకేమైంది?"

కోడలు ఆడపడుచు వైపు చూసి కన్ను గీటింది. చిలక వచ్చిన నెలలోనే ఈ డాక్టరు వీధి చివర ఆసుపత్రి పెట్టాడు. అప్పట్నుంచీ పిలిచినా వస్తాడు, పిలవకపోయినా వస్తాడు. ఫీజు ఇస్తే పుచ్చుకోడు. వచ్చేది చిలక కోసం కాదు, పెళ్ళికెదిగిన ఆ పిల్ల కోసమని వీధి వీధంతటికీ తెలుసు. కుర్రాడు కూడా చూడ్డానికి బావుంటాడు.

"నిన్న దీనికేం పెట్టారు?" అని అడిగాడు డాక్టరు.

మాస్టారు పేపరు దించారు.

"నా బీపీ మాత్ర వేశాను."

"చిలకకా!"

"నా ప్రాణం దాంట్లో ఉంటే మాత్ర నేను మింగి ఏం లాభం? జామపండులో పెట్టిచ్చాను. పాపం, మారాం చెయ్యకుండా తినేసింది."

డాక్టరు ఉన్నచోటే చతికిలబడ్డాడు. కొడుకు అతని పక్కన కూర్చుని చెవిలో గొణిగాడు.

"పోతే పోనివ్వండి సార్. బజార్లోంచి అచ్చం ఇలాంటిదే తెచ్చి పెట్టేస్తాను. అన్ని చిలకలూ ఆకుపచ్చేగా. నాన్నకేం తెలుస్తుంది?"

"పోతే పోనివ్వడమేంటయ్యా! నీకేమైనా మతి పోయిందా? ఇంకో చిలక పనికిరాదు!"

కొడుకు బిత్తరపోయాడు. ఆడపడుచు కళ్ళల్లో మాత్రం నీళ్ళు తిరిగాయి. నాన్న కోసం ఇంతగా తల్లడిల్లే మనిషిని ఆ పిల్ల ఎక్కడా చూడలేదు.

డాక్టరు సంచీలోంచి మందు తీశాడు. చెయ్యి ఆగడం లేదు. సగం మందు చిలక నెత్తిన పడింది.

"ఇలా ఇవ్వండి, నేను వేస్తాను," అంది ఆ పిల్ల.

"నెమ్మదిగా... మెడ నొక్కకండి, మెడ నొక్కకండి!"

చిలక గుటక వేసింది. కాసేపటికి ఓ కన్ను తెరిచింది. ఆ తర్వాత రెక్కలు విదిల్చి, లేచి నిలబడి, అందర్నీ తిట్టినట్టు అరిచింది. డాక్టరు చెమట తుడుచుకుని లేచాడు. అప్పటిదాకా సున్నం కొట్టినట్టున్న ముఖంలోకి నెత్తురొచ్చింది.

"ఎందుకర్రా ఈ గోల?" అన్నారు మాస్టారు. "నేను గుండ్రాయిలా ఉన్నానా లేదా? నేను బావుంటే అదీ బావుంటుంది. లెక్క సరిపోయింది."

"మాస్టారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఈ చిలకని నా దగ్గరుంచండి. కంటికి రెప్పలా చూసుకుంటాను."

"ఎన్నిసార్లు అడుగుతావోయ్? నా ప్రాణం తీసుకెళ్ళి పరాయివాడి చేతిలో పెట్టనా?"

ఇదే సందు అనుకుంది కోడలు. "అల్లుడైతే పరాయివాడెందుకవుతాడు మావయ్యగారూ?"

డాక్టరు ఆ పిల్లని చూశాడు. పంజరాన్ని చూశాడు.

"అమ్మాయితోపాటు చిలకని కూడా ఇస్తారా?"

అందరూ గొల్లున నవ్వారు. మాస్టారు గడ్డం గోక్కున్నారు.

"కథల్లో అయితే కూతురితోపాటు అర్ధరాజ్యం ఇస్తారు. నాకు రాజ్యం ఎక్కడేడిసింది? చిలకనే తీసుకుపో. రోజూ మాత్ర వెయ్యడం మాత్రం మర్చిపోకు."

"మాత్ర మీరే వేసుకోండి, మీ నోట్లో!" అని డాక్టరు దణ్ణం పెట్టి, ఈల వేసుకుంటూ మెట్లు దిగాడు.

"అదృష్టమంటే నీదేనే," అని వదిన ఆ పిల్ల బుగ్గ గిల్లింది.

సిగ్గుతో ఏం చెయ్యాలో తోచక ఆ పిల్ల చిలక తోకలోంచి ఓ ఈక పుటుక్కున పీకింది. గేటు దాటుతున్న డాక్టరు "అబ్బా!" అంటూ వెనక చెయ్యి పెట్టుకుని ఎగిరి గంతేశాడు.