వెనక సీటు

ప్రెసిడెంటు జీపు టైరును బూటుకాలితో ఒక తన్ను తన్నాడు.

టైరును తన్నితే ఏం తెలుస్తుందో ఎవరికీ తెలీదు. బండి కొనడానికొచ్చిన పెద్దమనుషులు మాత్రం తప్పకుండా తంతారు.

"గట్టిదే బావా!" అన్నాడు బామ్మర్ది, తనే తన్ని చూసినట్టు.

షోరూం వెనక ఆవరణలో రెండు జీపులు పక్కపక్కనే ఉన్నాయి. రంగు ఒకటే, ఒళ్ళూ ఒకటే. ఒకటి డీజిల్, ఒకటి పెట్రోలు. వాటిలో ఒకటి కొండమీది ఊరికి అంబులెన్సు కాబోతోంది. ఆ ఊరికి రోడ్డు లేదు, రాళ్ళ బాటే. ఈరోజు ఏది కొంటే, ఇక చాలా ఏళ్ళు అక్కడి రోగులు దిగేది అందులోనే.

ఆ ఊరి తరఫున ఒకామె వచ్చింది. ఆమెకెవరూ కుర్చీ వెయ్యలేదు. పేరూ అడగలేదు.

"డీజిలే," తేల్చేశాడు ప్రెసిడెంటు. "లాగుడంటే దానిదే. పెట్రోలు బండి షికార్లకి."

సేల్స్‌మన్ నవ్వాడు. జీతంలో అదీ ఒక భాగం.

"నా జీపు ఇదే రకం, డీజిలే. రెండేళ్ళ కిందట జోరు వానలో పురిటి కేసు. నేనే తోలుకుని గంటలో కొండ దించేశా!"

"గంటెక్కడ బావా, ముప్పావుగంటే!"

"ఒకసారి రెండూ స్టార్ట్ చేస్తారా అండీ?" అంది ఆమె.

సేల్స్‌మన్ డీజిల్ జీపు స్టార్ట్ చేశాడు. ఆమె చెప్పులు విడిచి, వెనక తలుపు తీసి, సీటు మీద పక్కకి తిరిగి పడుకుంది. చెయ్యి తల మీదుగా పోనిచ్చి, చూడకుండానే అక్కడున్న కడ్డీ పట్టుకుంది. కళ్ళు మూసుకుంది.

"పక్క వేసేసింది బావా!" బామ్మర్ది పగలబడి నవ్వాడు. "దిండు తెప్పించమంటావా అమ్మా?"

ఆమె లేచి, సేల్స్‌మన్ స్టార్ట్ చేసిన పెట్రోలు జీపులోకి మారింది. అలాగే పడుకుంది, అదే కడ్డీ పట్టుకుంది. ఈసారి కాస్త ఎక్కువసేపే ఉంది.

దిగి చెప్పులేసుకుంటూ చెప్పింది. "పెట్రోలుది కొనండి. డీజిలు అదురు నడుములోకి దిగుతోంది."

"ఇది బండమ్మా, ఉయ్యాల కాదు," అన్నాడు ప్రెసిడెంటు. "లాగుడు చూడాలి."

"లాగుడు కావలసింది ఎక్కేటప్పుడు కదండీ. ఎక్కేటప్పుడు ఖాళీగానే వస్తుంది. రోగి ఉండేది దిగేటప్పుడు."

సేల్స్‌మన్ నవ్వబోయి, ఎవరి పక్షాన నవ్వాలో తెలీక ఆగిపోయాడు.

"నువ్వెప్పుడైనా స్టీరింగు పట్టుకున్నావా?"

"లేదండీ."

"మరి! ఇంజన్ల సంగతి ముందు కూర్చునేవాళ్ళకి తెలుస్తుంది."

"మీరు వెనక పడుకుని చూశారా అండీ?"

"నాకేం రోగం!"

బామ్మర్ది మళ్ళీ నవ్వాడు. ప్రెసిడెంటు డీజిల్ బండికి సంతకం పెట్టేశాడు. తాళాలు అందుకుంటూ ఫొటో దిగాడు. బామ్మర్ది కూడా దిగాడు. ఆమెను కాస్త పక్కకి జరగమన్నారు.

"కొత్త బండి ఎక్కమ్మా, బస్టాండు దగ్గర దింపుతాం," అన్నాడు ప్రెసిడెంటు, ఫొటో బాగా వచ్చిన సంతోషంలో.

"వద్దండీ. నడిచే వెళ్తాను."

"చూశావా బావా, పొగరు!"

"పోనీ వదిలెయ్. ఏం తెలుసు వీళ్ళకి?" ప్రెసిడెంటు బానెట్ మీద చరిచాడు. "ఆ రోజు డీజిలు కాబట్టి సరిపోయింది. అరగంటలో దించా!"

సేల్స్‌మన్ మాటవరసకి అడిగాడు. "ఇంతకీ ఆ పురిటి కేసు ఏమైంది సార్?"

ప్రెసిడెంటు బామ్మర్ది వైపు చూశాడు. బామ్మర్ది టైరు వైపు చూశాడు. ఆ రోజు ఆస్పత్రి మెట్ల దగ్గర హారన్ కొట్టి, నర్సులు దించుకోగానే ఇద్దరూ బండి కడిగించడానికి పోయారు. వెనక ఉన్నదెవరో తిరిగి చూసినవాడు లేడు.

గేటు గొళ్ళెం తీస్తున్న ఆమె ఆగింది.

"మీ దయవల్ల నేను బతికానండీ," అంది, "బిడ్డే దక్కలేదు."