పొగ పోయే దారి

మధుసూదన్ ఎత్తి విసిరిన కుర్చీకి కంప్యూటర్ పగిలింది. రెండో దెబ్బ ఇంజనీరు జీవరాజు నోటి మీద పడింది.

మారేడ్‌పల్లి ఆఫీసులో ఎవరూ అడ్డం రాలేదు. నెల కింద బట్టల షాపు సెల్లార్ అంటుకుంటే, పొగలో మధుసూదన్ భార్య చనిపోయింది. అక్కడ మంటలొస్తే పొగ ఎటు పోతుందో షాపు తెరవకముందే సాఫ్ట్‌వేర్‌లో నడిపి చూసింది జీవరాజే.

"నీ కంప్యూటర్ల పొగ బయటికి పోయింది గదా! మరి నా పెండ్లాం ఎట్ల సచ్చిందిరా?"

జీవరాజు నెత్తురు తుడుచుకోలేదు. "పోలేదన్నా. మొదటిసారి నడిపినప్పుడు నాలుగు నిమిషాల్ల సెల్లారంతా నిండింది. పొగ గుంజే ఫ్యాన్లు రెండు పెట్టమని ఓనర్‌కు చెప్పిన."

మధుసూదన్ చెయ్యి ఆగింది. "ఆడ ఫ్యాన్లు లేనే లేవు. అంతా బాగున్నదని రిపోర్టు మీద సంతకం పెట్టిందెవరు?"

"నేనే. ఓనర్ పెట్టకున్నా, కంప్యూటర్ల ఫ్యాన్లు ఉన్నట్టు చూపించి మళ్లా నడిపిన."

మధుసూదన్ ఈసారి కొట్టలేదు. ఫోన్ తీసి రికార్డింగ్ నొక్కాడు.

"మళ్లోసారి చెప్పు."