చూసుకోవాల్సింది కొనేవాడే

"బ్రేకుల సంగతేంటి అంకుల్? బాగా పడతాయా?" స్కూటర్ చుట్టూ ఒకసారి తిరిగి అడిగాడు కిరీటి.

రంగనాథ్ చిరునవ్వు నవ్వాడు. ఢిల్లీలో బీకాం పిల్లలకు వాణిజ్య చట్టం నూరిపోసే లెక్చరర్ ఆయన. ఇలాంటి ప్రశ్నకు దొరికిపోతాడా!

"చూడు బాబూ, బండి ఎదురుగా ఉంది, నీకు కళ్లున్నాయి. మెకానిక్‌ని తెచ్చుకుంటావో, నడిపి చూసుకుంటావో నీ ఇష్టం. బాగుందనీ అనను, బాగాలేదనీ అనను."

కటవారియా సరాయ్‌లో గది తీసుకుని సివిల్స్‌కు చదువుతున్న ఆ కుర్రాడికి మాటలోని మెలిక అందలేదు. తెలుగువాడు, పైగా మాస్టారు! "మీ దగ్గర కొంటే ఇంక చూసేదేముంది అంకుల్" అని డబ్బు చేతిలో పెట్టి, బండిని సందు చివరికి నెట్టుకుంటూ పోయాడు.

"స్టార్టు చెయ్యడం కూడా రాదు, రేపు కలెక్టరై జిల్లాను నడుపుతాడట!" అని నవ్వుకుంటూ మెట్లెక్కాడు రంగనాథ్. మారుతి కారు బుక్ చేశాక ఆ పాత స్కూటర్ ఎప్పుడు వదులుతుందా అని చూస్తున్నాడు మరి.

పైన లీలావతి గుమ్మంలోనే నిలబడి ఉంది. "బ్రేకుల సంగతి చెప్పారా?"

"లేదు."

"అయ్యో రామ! పల్లంలో బండి ఆగదు, ప్రాణాలమీదికొస్తుందని నిన్న మెకానిక్ నా ఎదుటే మొత్తుకున్నాడు కదండీ!"

"అబద్ధమాడితే మోసం. నోరు మూసుకుంటే మోసం కాదు. చూసుకోవాల్సిన బాధ్యత కొనేవాడిదని చట్టంలోనే ఉంది." మహానుభావుడు కుర్చీలో కాలు మీద కాలు వేసుకున్నాడు. "బాగుచేయించి అమ్మితే ఆ ఖర్చెవడిస్తాడు, నీ తమ్ముడా?"

"ఏ తల్లి కన్న బిడ్డో!"

"ఆ తల్లే జాగ్రత్తలు చెప్పి పంపాల్సింది."

లీలావతికి ఒళ్లు మండిపోయింది. "చదవేస్తే ఉన్న మతి పోవడమంటే ఇదే! మీ చట్టం తగలబడ!" అంటూ బాల్కనీలోకి పరుగెత్తింది. కుదిరిన బేరం ఎక్కడ చెడగొడుతుందోనని ఆయనా వెంటపడ్డాడు.

కింద కిరీటి ఒక్కడే, ఉత్త చేతులతో నడిచి వస్తున్నాడు.

"బాబూ, ఆ బండి ఎక్కకు నాయనా!" అని అరిచింది లీలావతి.

"నేనెక్కడ ఎక్కానాంటీ? నాకు సైకిలే రాదు!" అతను తలెత్తి నవ్వాడు. "మా చెల్లి ఫ్రెండ్ కోసం కొన్నాను. ట్యూషన్లు చెప్పి దాచుకుంది పాపం. ఆడపిల్లకు స్కూటరేమిటి, బస్సుందిగా అన్నారట వాళ్ల నాన్న. అందుకని నన్ను ముందు పెట్టింది."

"ఎవరా అమ్మాయి?" రంగనాథ్ విసుక్కున్నాడు.

"సాయంత్రం తనే చెబుతానంది, సరే, ఇంక దాచడమెందుకు! మీ అమ్మాయి ప్రీతే అంకుల్! నడపడం నేర్చుకుని నెలైనా కాలేదు, మా చెల్లిని వెనకెక్కించుకుని ఇప్పుడే ధౌలా కువాన్ పల్లం వైపు దూసుకుపోయింది. మీరు బ్రేకుల గురించి ఏమీ చెప్పలేదంటే నన్నే కసిరింది... 'మా నాన్న బండి భయ్యా, కళ్లు మూసుకుని నడపొచ్చు' అంది."